అక్క మోకాలు తప్ప

ఇల్లు,
కిటికీ పక్క కుర్చీ

చిట్టీ,

నేను బతికే ఉన్నాను. నీ ఎడమకాలికి పెట్టినట్టే నా కుడికాలికీ కొత్త మోకాలు పెట్టించుకుని ఇంటికొచ్చి వారమైంది. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ మీ బావ నా మంచం పక్కన కూర్చుని, ఆపరేషన్ తనకే అయినట్టు మూలిగారు. ఇప్పుడు కాస్త కుదుటపడ్డారు.

ఫోన్లు చెయ్యకు. ఏళ్ళ తరబడి బడి మైదానంలో ఈల ఊదీ ఊదీ నా చెవులు ఏ గతి పట్టాయో నీకు తెలుసు. ఫోన్లో నువ్వు చెప్పేది సగం, నేను ఊహించుకునేది సగం. డ్రిల్లు టీచరుగా చేసినందుకు నాకు మిగిలింది పింఛనూ ఈ చెవుడూ. ఉత్తరమే రాయి. నీ కోడిగీతలు నేను తప్ప ఎవరు చదువుతారు?

మన డాక్టరుగారు మనిద్దరినీ తన పరిశోధనలో చేర్చుకున్నారు కదా, నేను ఏ గుంపో తేలింది. మోకాలు మార్చుకున్నవాళ్ళు త్వరగా మళ్ళీ మామూలు మనుషులు కావాలంటే ఏం చెయ్యాలో కనుక్కోవడానికట ఇదంతా. సగం మందికి ఎప్పటిలాగే బొమ్మల కాగితం ఇచ్చి ఇంటికి పంపేస్తారు. మిగతా సగం మందికి ఫిజియోథెరపీ అమ్మాయి వారం వారం ఇంటికే వస్తుంది. మళ్ళీ చెయ్యాలని మనసుపడే పని ఒకటి చెప్పమని అడిగి, దానికి సరిపడా వ్యాయామాలు నేర్పుతుంది. ఎవరు ఏ గుంపో కంప్యూటరే తేలుస్తుందట. నీకు కాగితం అని నువ్వు ముందే ఏడ్చావు. నాకు అమ్మాయి! సైకిలు తొక్కాలని చెప్పాను. ఇంకేం చెబుతాను?

వచ్చిన అమ్మాయి ఎవరనుకున్నావు? నా దగ్గర చదివినదే. వరసలో నిలబెడితే ఎప్పుడూ కాళ్ళు ఆడించే పిల్ల. గుమ్మంలో నన్ను చూడగానే చేతులు కట్టుకుని నిటారుగా నిలబడిపోయింది. "కూర్చోవే" అంటే కూర్చుంది.

మూడో నెల పరీక్షకల్లా మోకాలు బల్ల మూలంత, అంటే లంబకోణమైనా వంగాలట. వంగకపోతే మత్తిచ్చి డాక్టరుగారే చేత్తో పట్టి వంచుతారట. నీకూ చెప్పే ఉంటారు. ఒళ్ళు దగ్గర పెట్టుకుని వంచు.

అన్నట్టు, ఒక గుంపు వ్యాయామాలు ఇంకో గుంపుకి చెప్పబోమని మనిద్దరం సంతకాలు పెట్టాం. గుర్తుంది కదా?

అక్క

*

కుట్టు కొట్టు,
వెనక గది

అక్కా,

నీ ఉత్తరం చదివి కుళ్ళుకున్నానని దాచకుండా చెబుతున్నాను. చిన్నప్పుడూ అంతే, పెద్ద ముక్క నీకు, అంచు ముక్క నాకు. నీకేమో అమ్మాయి ఇంటికొచ్చి సేవలు చేస్తుంది. నాకేమో కాగితం మీద ఒక బట్టతల మనిషి. పడుకుని మడమ వెనక్కి లాగుతాడు, కూర్చుని కాలు చాపుతాడు, అన్నింటికీ నవ్వుతాడు. మోకాలు కోయించుకున్నవాడు అలా నవ్వుతాడా? వాడి మొహం చూస్తేనే నాకు ఒళ్ళు మండుతోంది.

నా బాధంతా మిషను గురించే. తొక్కుడు మిషను మీద ఎడమకాలు ఆడకపోతే నేనేం కుట్టను? మోటారు పెట్టిస్తానని నా కూతురు రోజూ ప్రాణం తీస్తోంది. మోటారు మిషను నేను చూశాను. అది గుడ్డని మింగుతుంది గానీ కుట్టదు. నా కాలు నెమ్మదిస్తే సూదీ నెమ్మదించాలి, అదీ నాకు తెలిసిన కుట్టు. నేనింకా కొట్టు మూయలేదు. కూతురు కుడుతోంది, నేను కుర్చీలో కూర్చుని వంకలు పెడుతున్నాను. ఇద్దరికీ పడి చావడం లేదు.

సంతకం పెట్టాం, గుర్తుంది. నాకేం చెప్పకు. కాకపోతే సైకిలు పెడలూ, మిషను పెడలూ దగ్గర దగ్గర ఒకలాంటివే కదా అని ఊరికే అనిపించింది. అంతే. నువ్వు చెప్పకపోయినా నేనేం అనుకోను.

చిట్టి

*

ఇల్లు,
అదే కుర్చీ

చిట్టీ,

మాట మాటే. నీకు వ్యాయామాలు చెప్పను. మా ఇంట్లో ఏం జరుగుతోందో మాత్రం చెబుతాను, చెల్లెలికి ఇంటి కబుర్లు రాయకూడదని ఎవరూ అనలేదు.

నిన్న ఆ అమ్మాయి కుర్చీలో కూర్చుని పాదం నేలమీద ఆనించి వీలైనంత వెనక్కి జరిపింది. ఇంక జరగదనుకున్నాక పాదం కదల్చకుండా నడుముని కుర్చీ అంచుకి జరిపింది. అప్పుడు మోకాలు దానంతటదే ఇంకాస్త వంగుతుంది. అక్కడ ఆగి ఊపిరి వదలాలి. బిగబట్టకూడదు. ఆ పిల్ల బిగబట్టింది, "ఊపిరి!" అని ఒక్క కేక వేశాను. వదిలింది.

తర్వాత స్టాండు మీద నిలబెట్టిన సైకిలు. పెడలు మొత్తం తిప్పాలని మొదట్లో ఆశపడకూడదట. ముందుకి సగం, వెనక్కి సగం, ఉయ్యాలలా. ఏదో ఒకరోజు దానికదే చుట్టు తిరుగుతుందట. మీ బావని ఎక్కించి చూపించాను. వీపు వంచి కూర్చుంటే సరిచేశాను. వ్యాయామానికి కాస్త ముందు నొప్పి మాత్ర వేసుకోవాలి, అయ్యాక మంచు పెట్టాలి. ఆయన మాత్ర కూడా వేసుకోబోతే చేతిమీద కొట్టాను.

నీ మిషనుకి చక్రం మీది తోలు బెల్టు తీసేస్తే పెడలు తేలిగ్గా ఆడుతుంది కదా అని ఊరికే అనిపించింది. అంతే.

ఈ ఉత్తరం చదివి చించెయ్యి.

అక్క

*

కుట్టు కొట్టు,
మిషను ముందు

అక్కా,

పై మాట చూశావా? వెనక గది కాదు, మిషను ముందు!

నువ్వు "ఊరికే" అన్నట్టే ఊరికే బెల్టు తీసి పాదం పెట్టాను. మొదటిరోజు అది రెండంగుళాలు ఊగింది, నేను ఇంటికప్పు ఎగిరిపోయేలా అరిచాను. కూతురు కత్తెర పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. నా కళ్ళల్లోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. కొలతలివ్వడానికొచ్చిన ఆవిడ కూడా భయపడి ఏడ్చింది. ముగ్గురం ఏడ్చి, టీ తాగి, మళ్ళీ పెడలు మీద కాలు పెట్టాను. ఇప్పుడు మడమ కింద దాకా పోయి వస్తోంది. నొప్పి ఉంది, ఎందుకు లేదు, రాత్రి పక్క మీద అటూ ఇటూ పొర్లుతూనే ఉన్నాను. కానీ తెల్లారేసరికి ముందురోజు కన్నా కొంచెం ఎక్కువ వంగుతోంది. బిగుతు రవిక కుట్లు ఊడదీసి కాస్త వదులు చేసినట్టు.

ఆరో వారం పరీక్షలో డాక్టరుగారు మోకాలు కొలిచి, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ కొలిచారు. "కాగితం చూసే చేస్తున్నారా?" అన్నారు. "అవునండీ, ఆ బట్టతలాయన భలే నేర్పుతాడు" అన్నాను. అబద్ధం ఆడినందుకు చెవులు కాలిపోయాయనుకో.

నీకూ ఈపాటికి ఆ పరీక్ష అయ్యుంటుంది. ఎంత వంగింది? ఆయన ఏమన్నారు? నువ్వు ఈసరికి పెడలు చుట్టు తిప్పేసి ఉంటావు, నాకు తెలుసు. పందెం ఏదీ లేకపోయినా నువ్వే గెలుస్తావు.

చిట్టి

*

ఇల్లు,
వరండా

చిట్టీ,

శభాష్! కాకపోతే నీ మడమ పైకి లేస్తోందని నాకు ఇక్కణ్ణుంచే తెలుస్తోంది. లేవనివ్వకు. మోకాలు ముందుకి తెచ్చేటప్పుడు తుంటి ఎత్తుతావు, నీకు చిన్నప్పట్నుంచీ ఆ వంకర ఉంది. ఎత్తకు.

ఇక్కడ అందరం దివ్యంగా ఉన్నాం. మీ బావ పొద్దున్నే లేచి వ్యాయామాలన్నీ పూర్తిచేస్తున్నారు. వంగి కాలివేళ్ళు ముట్టుకుంటున్నారు, పెళ్ళైన ఇన్నేళ్ళలో నేను చూడని వింత. పొట్ట తగ్గింది. ఆరో వారం పరీక్షకి తోడొస్తే, డాక్టరుగారు ఆయన నడక చూసి "మీకేనా ఆపరేషన్?" అని అడిగారు. ఆ మురిపెం ఇంకా దిగలేదు.

అమ్మాయి కూడా బాగా దారికొచ్చింది. గోడకి వీపు ఆనించి నెమ్మదిగా కిందికి జారడం, మెట్టు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు, అన్నీ నేను చెప్పినట్టు చేస్తోంది. కాళ్ళు ఆడించడం మానేసింది.

సైకిలుకి గాలి కొట్టించాం. చైనుకి నూనె కూడా వేశారు మీ బావ.

కొట్టు జాగ్రత్త. కూతురితో గొడవ పెట్టుకోకు.

అక్క

*

కుట్టు కొట్టు

అక్కా,

నీ ఉత్తరాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. చించెయ్యమన్నావు గానీ నాకు చేతులు రాలేదు.

ఆ అమ్మాయి కాలు వంగింది. బావ కాలు వంగింది. ఇంత దూరాన నా కాలూ వంగింది. నీ కాలు ఎక్కడే? ఒక్క ఉత్తరంలోనైనా "నా మోకాలు" అన్న మాట ఉందేమోనని వెతికాను. లేదు. నీకు నొప్పిగా ఉందన్న మాట లేదు. ఆరో వారంలో ఎంత వంగిందని అడిగితే బావ పొట్ట గురించి రాశావు.

నేను గుడ్డలు కోసే దాన్ని. కొలత ఇవ్వకుండా కబుర్లు చెప్పేవాళ్ళు రోజూ వస్తారు నా దగ్గరికి. నడుము చుట్టూ టేపు పెట్టబోతే పొట్ట లోపలికి లాక్కుని వాతావరణం గురించి మాట్లాడతారు. నువ్వు చేస్తున్నది అదే.

నిజం చెప్పు. నీ మోకాలు వంగుతోందా?

మూడో నెల పరీక్ష ఎంతో దూరంలో లేదు. మత్తిచ్చి వంచుతారన్న మాట నువ్వే రాశావు. నాకు భయంగా ఉందక్కా. నాకు నేర్పిందంతా నువ్వు చెయ్యకుండా నేర్పావా?

చిట్టి

*

ఇల్లు

చెల్లెలికి,

ఉత్తరం అందింది. నా మోకాలి గురించి దర్జీ కొట్టులో పంచాయితీ పెట్టనవసరం లేదు. నేను ఎంతమంది పిల్లల చేత వ్యాయామం చేయించానో ఊరంతా తెలుసు. నాకు ఒకరు చెప్పాల్సిన గతి పట్టలేదు.

ఇక్కడ అందరూ క్షేమం.

ఇట్లు,
మీ అక్క

*

కుట్టు కొట్టు,
మిషను ముందు

మీ అక్క గారికి,

"మీ" అట! "ఇట్లు" అట! సెలవు చీటీ రాశావనుకున్నావా తల్లీ? కూతురికి చదివి వినిపించాను. అది పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను, ఆ తర్వాత ఏడ్చాను.

నీ కోపం నాకు కొత్త కాదు. తిట్టు, చెల్లుతుంది. కానీ నిన్ను వదలను. అమ్మ పోయాక నా జడ వేసిందీ, నాకు సైకిలు నేర్పిందీ నువ్వే. నేను పడితే "లే, లే, ఏం కాలేదు" అనేదానివి. ఒక్కసారైనా "నొప్పిగా ఉందా" అని అడిగావా? అడగలేదు. అడిగితే నేను ఇంకా ఏడుస్తానని నీకు తెలుసు. సరే, అప్పుడు అది మంచిదే అయింది. ఇప్పుడు నేను అడుగుతున్నాను.

నొప్పిగా ఉందా అక్కా?

చిట్టి

*

ఇల్లు,
కిటికీ పక్క కుర్చీ

చిట్టీ,

ఉంది.

ఇది రాయడానికి మూడు కాగితాలు నలిపి పారేశాను. మీ బావ వాటిని ఏరి విప్పి చదవబోతే అరిచాను.

మొదటి వారం ఆ పిల్ల నా మడమ పట్టుకుని నెమ్మదిగా వెనక్కి జరిపింది. లోపల ఏదో పుటుక్కుమన్నట్టయింది. ఏమీ తెగలేదట, కుట్టుపడ్డ చోట బిగుసుకున్నవి వదులవడమేనట, మెల్లగా చెప్పింది పాపం. కానీ ఆ క్షణాన నా నోట్లోంచి "అమ్మా" అన్న కేక రాబోయింది. పళ్ళ బిగువున ఆపాను. నా ఈలకి నిలబడిన పిల్ల అది. నొప్పి అని కూర్చుంటే "నొప్పా? నొప్పంటే ఏంటి? లే!" అని దాన్నే మైదానం చుట్టూ పరిగెత్తించాను. దాని ముందు నేను మూలుగుతానా? ఇన్నేళ్ళూ నేను చెప్పిందంతా ఏమైపోవాలి?

అందుకని "ముందు నువ్వు చేసి చూపించు" అన్నాను. చేసింది. తప్పులు దిద్దాను. మళ్ళీ వారం మీ బావ చేత చేయించాను. ఇద్దరికీ చెబుతుంటే నేనూ చేసినట్టే అనిపించేది. నీకు రాస్తుంటే మరీనూ. ఒట్టు చిట్టీ, నువ్వు పెడలు ఆడించానని రాసినప్పుడు నా కాలే ఆడినంత సంతోషపడ్డాను. పడుకోబోతే మాత్రం మోకాలు కర్రలా ఉండేది.

ఆరో వారంలో డాక్టరుగారు కొలిచి పెదవి విరిచారు. ఇలాగే ఉంటే మత్తివ్వక తప్పదన్నారు. ఆ పిల్ల అంకెలు ఒక్కటీ తప్పు రాయలేదు. కానీ "టీచర్, మీరు చెయ్యడం లేదు" అనడానికి దానికి నోరు రాలేదు. నా వల్లే.

నాకు భయం చిట్టీ. మత్తంటే భయం. వంచితే భయం, వంచకపోయినా భయం. వరండాలో సైకిలు చూస్తే ఏడుపొస్తోంది. డాక్టరుగారికి అంతా నువ్వే చెప్పు. నీకు నేను రాసిన సంగతి కూడా చెప్పెయ్యి. నాకు మొహం చెల్లడం లేదు.

అక్క

*

ఆస్పత్రి,
బయట బెంచీ మీద

అక్కా,

ఇక్కణ్ణుంచే రాస్తున్నాను, ఇంటికెళ్తే పనుల్లో పడిపోతాను.

చెప్పేశాను. ముందు నా దొంగతనం చెప్పాను, తర్వాత నీ సంగతి. డాక్టరుగారు కుర్చీలో వెనక్కి వాలి పైకప్పు చూశారు. నేనైతే పరిశోధన మంట కలిసిందని, ఇద్దరినీ గెంటేస్తారని అనుకున్నాను. "అక్కాచెల్లెళ్ళని చెరో గుంపులో పెట్టి, మాట్లాడుకోకండని సంతకం తీసుకున్నాను. నాదీ ఒక తెలివేనా?" అన్నారు. తర్వాత నవ్వారు. నవ్వుతూనే గట్టిగా చీవాట్లూ పెట్టారు. మనలా ఇంకో పదిమంది చేస్తే, ఆ ఇంటికి పంపే పద్ధతి నిజంగా పనికొస్తుందో లేదో ఎప్పటికీ తేలదట. తేలకపోతే రేపు మోకాలు మార్చుకునేవాళ్ళకి నష్టమట. తల దించుకున్నాను.

గెంటెయ్యరట. కంప్యూటరు ఎవరిని ఏ గుంపులో వేసిందో ఆ గుంపులోనే లెక్కట, ఇంటికెళ్ళి మనం ఏం చేసినా సరే. అంటే నేను కాగితం గుంపు, నువ్వు అమ్మాయి గుంపు. జరిగింది మాత్రం దాచకుండా రాసుకుంటారట. ఇకమీదట ఒక కుటుంబంవాళ్ళని ఒకే గుంపులో వేస్తారట. పేషెంటుకి ముందే తెలిసిన అమ్మాయిని ఇంటికి పంపకూడదని కూడా రాసుకున్నారు.

నీకు వేరే మనిషిని పంపిస్తానన్నారు. ఎవరైతే నయమో నువ్వే చెప్పు. ఇంకా సమయం ఉంది, రోజూ నిజంగా చేస్తే మత్తు లేకుండానే గట్టెక్కవచ్చన్నారు.

ఒక మాట. ఇకనుంచి ఎలా చెయ్యాలో నాకు రాయకు. ఎక్కడ నొప్పి పుట్టిందో రాయి. రోజూ రాయి. బూతులైనా పర్వాలేదు.

చిట్టి

*

ఇల్లు,
వరండా మెట్టు మీద

చిట్టీ,

రోజూ కార్డులు రాస్తూనే ఉన్నా గానీ, ఈవేళ తీరిగ్గా ఉత్తరం రాయాలి.

వేరే మనిషి వద్దన్నాను. ఆ పిల్లే రావాలన్నాను. వచ్చింది. గుమ్మంలో మళ్ళీ చేతులు కట్టుకోబోతే, "చేతులు దించు. ఇవాళ్టి నుంచి నువ్వే టీచరు. నేను తప్పించుకుంటే కేకెయ్యి" అన్నాను. దాని మొహం తెల్లబోయింది. మొదటిరోజు "కొంచెం... వంచుతారా అండీ" అని పిల్లిలా అడిగింది. నేను యథాప్రకారం నీ కుట్టు గురించి కథ మొదలుపెట్టాను. రెండు నిమిషాలు విని, ఒక్కసారిగా, "టీచర్! కబుర్లు చాలు! వంచండి!" అంది. ఎంత గొంతనుకున్నావు! నా చెవిటి చెవులకి కూడా గింగురుమంది. వంటింట్లో మీ బావ గిన్నె జారవిడిచారు.

వంచాను. "అమ్మా!" అని అరిచాను కూడా. పళ్ళు బిగించలేదు. కళ్ళనీళ్ళు జలజలా రాలాయి. ఆ పిల్ల చూసింది, నా చెయ్యి పట్టుకుంది, వదల్లేదు. "ఊపిరి వదలండి టీచర్" అంది. వదిలాను. దానికి నా మీద గౌరవం తగ్గుతుందేమోనని బెంగపడ్డాను కదా? వెళ్ళేటప్పుడు నా భుజం తట్టి మరీ వెళ్ళింది, వెధవ. నాకెంత బాగుందో చెప్పలేను.

మీ బావకి పని లేకుండా పోయింది. అలవాటైందని నా పక్కన నిలబడి ఆయనా చేస్తారు. పరీక్షకి ముందురోజు ఆయన అన్నం తినలేదు. నేను తిన్నాను.

పరీక్షలో డాక్టరుగారు కాలు పట్టుకుని వంచారు. వంగింది. బల్ల మూల దాటింది. పెద్దగా కాదు, కొంచెం. ఆయన మళ్ళీ చూసి, "మత్తు అక్కర్లేదు. ఆపకండి, అంతే" అన్నారు. నేను లేచి ఆయనకి దండం పెట్టబోతే, నాతో వచ్చిన ఆ అమ్మాయి వెనకనుంచి "మంచి కాలు మీద బరువు పెట్టి లేవండి!" అని కసిరింది. డాక్టరుగారు కూడా ఉలిక్కిపడ్డారు.

ఈ పొద్దున సందులో సైకిలు ఎక్కాను. సీటు ఎత్తు పెంచి పెట్టింది ఆ పిల్ల. పెడలు సగం ముందుకి, సగం వెనక్కి, ఎప్పటిలా. మీ బావ వెనక పట్టుకున్నారు. ఉన్నట్టుండి అది పైదాకా వెళ్ళి అవతలికి దిగింది. చుట్టు తిరిగిపోయింది! ఇంకో చుట్టు. మోకాలు మండిపోతోంది. "నొప్పీ! నొప్పీ!" అని అరుస్తూనే తొక్కాను. సందు చివరిదాకా వెళ్ళాక ఆగి, కాలు నేలకి ఆనించి, సైకిలు మీదే కూర్చుని భోరుమన్నాను. పాలవాడు చూశాడు, ఎదురింటివాళ్ళు చూశారు, బడికి పోతున్న పిల్లలంతా నిలబడి చూశారు.

చూస్తే చూడనీ.

అక్క